కారులో కుందేలు

కారు బయలుదేరిన కాసేపటికి వెనక సీటులోని పెట్టెలోకి తొంగి చూస్తే కుందేలు ఒక మూల ముడుచుకుని కూర్చుని ఉంటుంది. అరవదు, గీరదు, అటూ ఇటూ మసలదు. పిల్లి అయితే దారి పొడుగునా అరిచేది. కుక్క అయితే కిటికీలోంచి మూతి బయటపెట్టేది. “మా కుందేలు బంగారం, ప్రయాణంలో కిక్కురుమనదు” అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు.

కానీ కుందేలు కదలకుండా ఉండటానికీ, కుదుటపడి ఉండటానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియక దారిలో అంతా బాగానే ఉందనుకుని, మర్నాటికి కుందేలును పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. పండక్కి ఊరెళ్లినా, ఇల్లు మారినా, పశువైద్యుడి దగ్గరికి వెళ్లినా కుందేలు ఎప్పుడో ఒకప్పుడు కారెక్కక తప్పదు. ఆ ప్రయాణంలో దాని ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఏం చెయ్యాలో చాలావరకు మనకే తోస్తుంది.

బొరియలో పుట్టిన ప్రాణి

తెల్లవి, గోధుమరంగువి, మచ్చలవి, వేలాడే చెవులవి, బొచ్చువి: పెంపుడు కుందేళ్లు ఎన్ని రకాలుగా కనిపించినా అన్నీ ఒకే అడవి జాతి సంతానం. దాని శాస్త్రీయ నామం ఒరిక్టోలాగస్ క్యూనిక్యులస్. స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం దాని పుట్టిల్లు. మన చేలగట్ల వెంట కనిపించే అడవి కుందేలు దీనికి దూరపు చుట్టం మాత్రమే. అది లీపస్ నైగ్రికోలిస్ అనే వేరే ప్రజాతి జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది కాబట్టి దాన్ని పట్టి పెంచకూడదు.

ఈ రెండింటి బతుకు తీరు వేరు. మన అడవి కుందేలు బొరియ తవ్వదు. పొదల చాటున నేలమీదే పిల్లల్ని కంటుంది. ఆపద వస్తే కాళ్లనే నమ్ముకుంటుంది. ఐబీరియా కుందేలు నమ్ముకునేది బొరియను. పచ్చిక మేసేటప్పుడు కూడా ఒక చెవి ప్రమాదం మీదా, ఒక చూపు బొరియ ద్వారం మీదా ఉంచుతుంది. ఆ బొరియ ఇరుకుగా, చీకటిగా, చల్లగా ఉంటుంది. అందులో తన వాసన, తనవాళ్ల వాసన నిండి ఉంటాయి. పక్కనే తోటి కుందేళ్లు ఉంటాయి. వేల తరాలుగా ఈ జాతికి క్షేమం అంటే ఇదే. మన హాల్లో సోఫా కింద దూరి పడుకునే పెంపుడు కుందేలు వెతుక్కునేదీ ఇదే.

ఇప్పుడు దాన్ని కారెక్కించామనుకోండి. కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముక్కుకు సరిగ్గా ఎదురుగా ఉన్న చిన్న చోటు తప్ప, చుట్టూ దాదాపు అంతా ఒకేసారి దాని కంటబడుతుంది. గద్ద పైనుంచి వచ్చినా, నక్క వెనకనుంచి వచ్చినా పసిగట్టడానికి ఏర్పడిన చూపు అది. కారు అద్దాల వెనక పరుగులు తీసే చెట్లూ, లారీలూ, నీడలూ అన్నీ ఆ చూపులో పడతాయి. మన చెవి 20,000 హెర్ట్‌జ్ దాకా వింటే, కుందేలు చెవి 40,000 హెర్ట్‌జ్ దాటిన ధ్వనుల్ని కూడా అందుకుంటుంది. మనకు వినపడని కీచు చప్పుళ్లు కూడా దానికి వినపడతాయి. ఆపదను పసిగట్టిన కుందేలు వెనక కాలితో నేలను దబ్బున తన్ని తోటివాటిని హెచ్చరిస్తుంది. కారులో దాని కాళ్ల కిందున్న నేలే అదురుతూ ఉంటుంది. వీటన్నిటికీ తోడు పెట్రోలు వాసన, సెంటు వాసన, ఒక్కోసారి నిన్న ఆ సీటు మీద కూర్చున్న కుక్క వాసన! పారిపోవడానికి బొరియ మాత్రం ఎక్కడా కనిపించదు.

గుండె నెమ్మదించే భయం

భయం వేస్తే గుండె దడదడలాడుతుందని మనకు తెలుసు. తరుముతుంటే పరిగెత్తే కుందేలుకూ అంతే. కానీ పారిపోయే దారి లేనప్పుడు, ఇంకా తనను ఎవరూ చూడలేదని అనిపించినప్పుడు, అది బిగుసుకుపోతుంది. అప్పుడు దాని గుండె వేగం పెరగదు సరికదా, తగ్గుతుంది.

ప్రయోగశాలలో దీన్ని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. ఒక శబ్దం వినిపించి, వెంటనే కుందేలుకు చిన్న విద్యుత్ తాకిడి ఇస్తారు. కొన్నిసార్లు ఇలా జరిగాక ఒట్టి శబ్దం వినిపించినా కుందేలు గుండె నెమ్మదిస్తుంది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. దానిలోని మధ్య కేంద్రకం దెబ్బతిన్న కుందేళ్లలో ఈ నెమ్మదింపు బాగా తగ్గిపోతుందని అమెరికాలో బ్రూస్ కాప్, ఆయన సహచరులు 1979లో చూపించారు. భయానికీ అమిగ్డలాకూ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడంలో కుందేలు మీద జరిగిన ఈ ప్రయోగాలు పెద్ద మెట్టు.

మనకు కావలసిన పాఠం ఇందులో ఉంది. బిగుసుకుపోయిన కుందేలు పైకి ధ్యానంలో ఉన్నట్టు కనిపించినా లోపల దాని మెదడు ప్రమాద ఘంటిక మోగిస్తూ ఉండవచ్చు. అందుకని అది కదలడం లేదన్న సంగతిని పక్కనపెట్టి మిగతా గుర్తులు చూడాలి. భయపడ్డ కుందేలు ఒళ్లు నేలకు అదిమి, కాళ్లు కిందికి ముడుచుకుని, చెవులు వీపుకు అంటించి కూర్చుంటుంది. కళ్లు ఉబ్బినట్టుగా తెరుచుకుని, అంచుల్లో తెల్లదనం కనిపించవచ్చు. ముక్కు అతి వేగంగా కదులుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. కుదుటపడ్డ కుందేలు ఒళ్లు వదులు చేస్తుంది. వెనక కాళ్లు పక్కకు చాపుతుంది. మూతి తుడుచుకుంటుంది, చెవులు నాక్కుంటుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు: అది తింటుంది.

తినడం అంత పెద్ద గుర్తు ఎందుకయిందో తెలియాలంటే పిల్లుల మీద జరిగిన ఒక పాత ప్రయోగం దగ్గరికి వెళ్లాలి.

కేనన్ చూసిన కడుపు

రాంట్‌గెన్ ఎక్స్‌-కిరణాలను కనుగొన్నది 1895లో. మరుసటి ఏడే హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న వాల్టర్ కేనన్ ఆ కిరణాలతో జీర్ణాశయం పనిచేస్తుండగానే చూడాలని పూనుకున్నాడు. ఎక్స్‌-కిరణాలు దాటలేని బిస్మత్ లవణాన్ని ఆహారంలో కలిపి పిల్లులకు పెట్టాడు. తెర మీద కడుపు నీడ కనిపించింది. ఆహారాన్ని ముందుకు నెడుతూ కడుపు గోడల్లో అలలు ఒకదాని వెనక ఒకటి సాగుతున్నాయి.

ఒక్కోసారి ఆ అలలు ఉన్నట్టుండి ఆగిపోయేవి. అవి ఆగినప్పుడల్లా పిల్లి బెదిరో, విసిగో గింజుకుంటోందని కేనన్ గమనించాడు. అది మళ్లీ నెమ్మదిస్తే అలలు తిరిగి మొదలయ్యేవి. 1898లో ఈ పరిశీలనలను ప్రచురించాడు. అక్కడితో వదిలెయ్యకుండా ఆ దారినే చాలా ఏళ్లు నడిచి, ఆపద ఎదురైనప్పుడు శరీరం పోరాడటానికో పారిపోవడానికో ఎలా సిద్ధమవుతుందో వివరించాడు. 1915లో ఆయన రాసిన పుస్తకం శరీరధర్మ శాస్త్రంలో ఒక మైలురాయి.

ఆయన వివరించిన సంగతి టూకీగా ఇది. ఆపద ఎదురవగానే సహానుభూత నాడీవ్యవస్థ మేలుకుంటుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. రక్తం కండరాలకు మళ్లుతుంది, చక్కెర విడుదలవుతుంది, జీర్ణక్రియ పక్కకు జరుగుతుంది. నక్క తరుముతున్నప్పుడు గడ్డి అరిగించుకునే తీరిక ఉండదు కదా! ఈ ఏర్పాటు నిమిషాల కొద్దీ సాగే ఆపద కోసం. నక్క కుందేలును పట్టనన్నా పడుతుంది, కుందేలు బొరియలో దూరనన్నా దూరుతుంది. రెండూ కాకుండా ఐదారు గంటలు సాగే ఆపద ప్రకృతిలో అరుదు. కారు ప్రయాణం సరిగ్గా అలాంటిది.

ఆగకూడని పేగు

పిల్లి కడుపు కాసేపు ఆగితే పిల్లికి పెద్దగా నష్టం లేదు. కుందేలుకు అలా కాదు. కుందేలు ఎప్పుడూ కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అది తిన్న గడ్డిలో ముతక పీచు పేగుల గుండా త్వరగా బయటికి పోతుంది. గట్టిగా, గుండ్రంగా ఉండే పెంటికలు అవే. సన్నని భాగం మాత్రం వెనక్కి మళ్లి అంధనాళంలో చేరుతుంది. దోసెల పిండి పులిసే గిన్నెలాగా ఆ అంధనాళం నిండా సూక్ష్మజీవులు పనిచేస్తూ ఉంటాయి. అవి తయారుచేసిన బి విటమిన్లు, మాంసకృత్తులు ఉన్న మెత్తని ముద్దలను కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. ఇది రోగం కాదు, దాని పోషణలో తప్పనిసరి భాగం.

ఈ వ్యవస్థ అంతా ఆగకుండా కదలడం మీద ఆధారపడి ఉంది. భయంతో పేగుల కదలిక మందగిస్తే లోపలి సరుకు నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. సూక్ష్మజీవుల సమతూకం చెడుతుంది. వాయువు చేరి పొట్ట ఉబ్బుతుంది, నొప్పి మొదలవుతుంది. నొప్పితో కుందేలు తినడం మానేస్తుంది. తినకపోతే పేగు ఇంకా మందగిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయినట్టే. ఆకలితో ఉన్న శరీరం కొవ్వును కరిగించడం మొదలుపెడితే కాలేయం మీద భారం పడుతుంది. పేగు ఇలా మందగించి నిలిచిపోవడాన్నే పేగు స్తంభన అంటారు. పెంపుడు కుందేళ్ల ప్రాణాలు తీసే కారణాల్లో ఇది ముఖ్యమైనది. కుందేలు సగం రోజు పాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా అది అత్యవసర పరిస్థితే.

దీన్నిబట్టి ప్రయాణానికి మొదటి సూత్రం తేలుతుంది. కుక్కలకు ప్రయాణం ముందు తిండి తగ్గించే అలవాటు కొందరికి ఉంటుంది. కుందేలును మాత్రం ఎన్నడూ పస్తు పెట్టకూడదు. బయలుదేరే ముందు, దారిలో, చేరాక దాని మూతి ముందు ఎండుగడ్డి ఉండి తీరాలి. పెంపుడు కుందేళ్లకు అమ్మే టిమోతీ గడ్డి దొరికితే మంచిదే, లేకపోతే శుభ్రమైన చోట కోసిన గరిక కూడా పనికొస్తుంది. కొత్తిమీర కట్టను కడిగి తడిగా ఉండగానే పెడితే తిండీ, కాస్త నీరూ రెండూ అందుతాయి. క్యారెట్టు, అరటిపండు లాంటి తీపి వస్తువులు నోరూరించడానికి చిన్న ముక్క చాలు. అవి ఎక్కువైతే అంధనాళంలో అసలుకే మోసం వస్తుంది. ప్రయాణంలో కొత్త రకం మేత మొదలుపెట్టకూడదు.

భయం కన్నా త్వరగా చంపేది

భయం చేసే హాని గంటల్లో బయటపడుతుంది. వేడి చేసే హానికి నిమిషాలు చాలు. కుందేలుకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. కుక్కలా నాలుక చాచి రొప్పి ఒంటి వేడి దించుకునే నేర్పు కూడా దానికి లేదు. అది ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే పరిస్థితి విషమించిందనే అర్థం. ఒంటి వేడి బయటికి పంపడానికి దానికున్న ముఖ్య సాధనం చెవులు. ఆ పలుచని చెవుల్లో రక్తనాళాలు విప్పారి వేడిని గాలికి వదులుతాయి. చుట్టూ గాలే వేడిగా ఉంటే చెవులు కూడా ఏమీ చెయ్యలేవు. కుందేలుకు హాయిగా ఉండేది సుమారు 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య. 30 డిగ్రీలకు చేరువవుతుంటేనే ప్రమాదం మొదలవుతుంది. మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో బయటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు.

ఏసీ వేసుకుని వెళ్తాం కదా అనుకోవచ్చు. ప్రమాదం దారిలో కన్నా ఆగినచోట ఎక్కువ. ఆపి ఉంచిన కారులో వేడి ఎలా పెరుగుతుందో కొలిచి 2005లో అమెరికా వైద్యులు పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరిగింది. అద్దాలు కాస్త దించి ఉంచితే తేడా దాదాపు లేదు. బయట హాయిగా అనిపించే రోజున కూడా ఫలితం ఇదే. పసిపిల్లల కోసం చేసిన ఈ అధ్యయనం కుందేలుకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. భోజనానికి దిగినా, టీకి దిగినా ఒకరు ఏసీ నడుస్తున్న కారులో ఉండాలి. లేదా పెట్టెను వెంట తీసుకుని నీడకు వెళ్లాలి.

వేసవిలో వెళ్లక తప్పకపోతే తెల్లవారకముందే బయలుదేరాలి. కారును ముందే చల్లబరిచి, ఆ తరవాత కుందేలును ఎక్కించాలి. ఏసీ గాలి నేరుగా పెట్టె మీద కొట్టకూడదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే కుందేలు తనకు కావలసినప్పుడు దానికి ఆనుకుంటుంది, అక్కర్లేనప్పుడు జరుగుతుంది. చెవులు ఎర్రబడి కాలుతుంటే, ముక్కుపుటాలు విప్పారుతుంటే, మూతి తడిసి చొంగ కారుతుంటే వెంటనే చల్లని చోటికి చేర్చి, చెవులను మామూలు చల్లనీటితో తడిపి, గాలి తగిలేలా చేసి, ఆలస్యం లేకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మంచునీళ్లలో ముంచకూడదు. ఒక్కసారిగా అంత చలి తగిలితే చెవుల రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది.

పెట్టెను బొరియగా మార్చడం

కుందేలు కోరేది బొరియ అని తెలిశాక పెట్టె ఎలా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు వైపులా తీగలున్న పంజరం వద్దు. గట్టి గోడలు, గాలి ఆడే సందులు, వీలైతే పైకి తెరుచుకునే మూత ఉన్న పెట్టె కావాలి. పైనుంచి తియ్యగలిగితే కుందేలును ముందు ద్వారంలోంచి లాగే పని ఉండదు. లోపల అది నిలబడగలగాలి, ఒక చుట్టు తిరగగలగాలి, ఒళ్లు చాపి పడుకోగలగాలి. అంతకన్నా బాగా పెద్దదైతే మలుపుల్లో, బ్రేకు పడినప్పుడు అటూ ఇటూ విసిరివేయబడుతుంది.

కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, బొచ్చు ఉంటుంది. నున్నని ప్లాస్టిక్కు మీద అది జారుతుంది. జారకుండా ఉండేందుకు గంటల తరబడి కండరాలు బిగబట్టడమే దానికి పెద్ద శ్రమ. అడుగున మందపాటి తువ్వాలు, దానిమీద గడ్డి పరవాలి. ఆ తువ్వాలు ఉతికినది కాకూడదు. ఇంట్లో కుందేలు రోజూ పడుకునేదే అయి ఉండాలి. కుందేలుకు గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి. కుర్చీ కాళ్లకూ, తలుపు మూలలకూ గడ్డం రుద్ది ఇది నాది అని ముద్ర వేసుకుంటుంది. తన వాసన ఉన్న గుడ్డ పెట్టెలో ఉంటే కొత్త చోట కూడా కాస్త తన చోటు ఉన్నట్టే. కుందేలు బతుకులో వాసనకు ఎంత బలముందంటే, తల్లి పాలలోని ఒకే ఒక్క రసాయనం పిల్లల చేత చనుమొనను వెతికించి పట్టిస్తుంది. ఫ్రాన్సులో బెనువా షాల్ బృందం 2003లో ఆ రసాయనాన్ని గుర్తించింది. కళ్లు తెరవని పిల్లలు దాని వాసన తగలగానే క్షణాల్లో నోరు తెరిచి వెతుకుతాయి.

పెట్టెను ఎక్కడ పెట్టాలి? ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే చోట నేల మీద పెట్టడం మంచిది. అక్కడ కుదుపు తక్కువ, ఎండ తక్కువ, బయటి దృశ్యాలు కనిపించవు. వెనక సీటు మీద పెడితే సీటుబెల్టుతో గట్టిగా కట్టాలి. కుందేలు మూతి కారు వెళ్లే దిశకు కాకుండా పక్కకు ఉండేలా పెట్టె తిప్పి ఉంచితే, బ్రేకు పడినప్పుడు ఒంటి బరువంతా ముక్కు మీదా ముందుకాళ్ల మీదా పడకుండా పక్క గోడ ఆసరా ఇస్తుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటు వద్దు, డిక్కీ అసలే వద్దు. పెట్టె మీద పలుచని నూలు గుడ్డ కప్పి, గాలి ఆడేందుకు ఒక వైపు వదిలెయ్యాలి.

ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందని కొందరు అనుకుంటారు. కుందేలు వెనక కాళ్ల కండరాలు చాలా బలమైనవి, ఎముకలు మాత్రం తేలికైనవి. దాని అస్థిపంజరం ఒంటి బరువులో ఎనిమిది శాతం దాటదు. ఒక్కసారి బెదిరి గట్టిగా తన్నుకుంటే తన వెన్నెముకను తానే విరుచుకోగలదు. హారన్ మోగినప్పుడు డ్రైవరు కాళ్ల మధ్యకు దూకితే మనుషుల ప్రాణాలకూ ముప్పే.

తోడు, చెయ్యి, అలవాటు

కలిసి పెరిగిన జంట ఉంటే రెండింటినీ ఒకే పెట్టెలో తీసుకెళ్లాలి. వైద్యం ఒకదానికే అయినా రెండోదాన్ని తోడు పంపడం మేలు. ఒకటి ఆసుపత్రి వాసనతో తిరిగి వస్తే ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక కొట్లాడే ప్రమాదం కూడా ఉంది. అయితే పరిచయం లేని రెండింటిని కారులో ఒక పెట్టెలో వేసి స్నేహం కలపాలని చూడటం తప్పు. భయంలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకోవడం స్నేహం కాదు.

మనిషి చేతికి ఉన్న శక్తిని కూడా తక్కువ చెయ్యకూడదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ నెరెమ్ బృందం కుందేళ్లకు కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న మేత పెట్టి రక్తనాళాల వ్యాధిని పరిశీలించింది. అన్నిటికీ మేత ఒకటే. కొన్నిటిని మాత్రం రోజూ చేతుల్లోకి తీసుకుని నిమిరారు, వాటితో మాట్లాడారు, ఆడుకున్నారు. ఆ కుందేళ్ల ధమనుల్లో పూడిక మచ్చలు 60 శాతానికి పైగా తక్కువగా కనిపించాయి. 1980లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆదరణ అనేది ఒట్టి మనసు వ్యవహారం కాదని, రక్తనాళాల దాకా దిగుతుందని అది చూపించింది.

ఆ ఆదరణ ఎంత ముందు మొదలైతే అంత మంచిది. తల్లి కుందేలు రోజుకు ఒక్కసారే, మూడు నాలుగు నిమిషాల పాటు పాలిస్తుంది. పుట్టిన మొదటి వారంలో, ఆ పాలిచ్చే వేళకు దగ్గరగా పిల్లల్ని చేత్తో తాకితే, పెద్దయ్యాక అవి మనుషులకు అంతగా బెదరవని హంగరీ పరిశోధకులు పోంగ్రాట్స్, ఆల్ట్‌బాకర్ చూపించారు. మిగతా వేళల్లో తాకినదానికి అంత ఫలితం లేదు. మన ఇంటికి వచ్చేసరికి కుందేలు ఆ వయసు దాటి ఉంటుంది. కాబట్టి మనం చెయ్యగలిగింది ఓపికగా అలవాటు చెయ్యడం.

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పెట్టె తలుపు తెరిచి కుందేలు తిరిగే గదిలో వదిలెయ్యాలి. లోపల గడ్డి, ఒక కొత్తిమీర రెబ్బ పెట్టాలి. దాన్ని లోపలికి తొయ్యకూడదు. అదే వెళ్తుంది, వాసన చూస్తుంది, గడ్డం రుద్దుతుంది, ఒకనాటికి అందులోనే పడుకుంటుంది. ఆ తరవాత తలుపు కాసేపు మూసి తెరవాలి. ఆపైన ఇంజను ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టాలి. ఆపైన ఇంజను నడుస్తున్న కారులో. చివరికి వీధి చుట్టూ ఒక చిన్న తిప్పు. ప్రతి మెట్టులోనూ కుందేలు గడ్డి కొరికిందా అన్నదే పరీక్ష. కొరికితే తరవాతి మెట్టు, కొరక్కపోతే వెనకటి మెట్టు. పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినప్పుడే పెట్టె అటక మీంచి దిగుతుంటే, పెట్టె కంటబడగానే కుందేలు మంచం కిందకు దూరడంలో వింతేముంది?

దారిలో

హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరతాయి కాబట్టి ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. వాతావరణం చల్లగా ఉండటం జనవరి ప్రయాణంలో ఉన్న లాభం. హారన్లు, ఆగి ఆగి సాగడం నష్టం. వీలైతే రద్దీ రోజు తప్పించాలి. గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి బండి ఆపి, పెట్టె మూత కొద్దిగా తెరిచి, గిన్నెలో నీళ్లు చూపించాలి. బండి కదులుతున్నప్పుడు గిన్నె ఉంచితే నీళ్లు ఒలికి పక్క తడుస్తుంది. సూర్యాపేట దగ్గర చెట్టు నీడ చూసి కాళ్లు సాగనిద్దామని కుందేలును బయటికి వదలకండి. బెదిరిన కుందేలును రోడ్డు పక్కన పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

పాటలు చిన్నగా పెట్టాలి లేదా మానెయ్యాలి. అగరుబత్తి, సెంటు, కారు సువాసన బిళ్లలు వద్దు. కుక్కనో పిల్లినో అదే బండిలో ఎక్కించవద్దు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిగా పోనిచ్చే డ్రైవరు కుందేలుకు ఏ మందుకన్నా ఎక్కువ మేలు చేస్తాడు. రోజూ ఇంట్లో పలకరించే గొంతుతోనే అప్పుడప్పుడూ పలకరించండి. అది పెట్టెలో ముందుకు వచ్చి మూతి పెడితే నుదుటి మీద నిమరండి. మూల ముడుచుకుని ఉంటే అలాగే ఉండనివ్వండి.

కుందేలును వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమిరితే మత్తులోకి జారుకుంటుందని, ప్రయాణంలో అలా శాంతపరచవచ్చని చెప్పేవాళ్లున్నారు. బ్రిటన్‌లో ఆన్ మెక్‌బ్రైడ్, సహచరులు 2006లో దీన్ని పరీక్షించి, ఆ స్థితిలో కుందేలు శరీరమూ ప్రవర్తనా చూపేవి భయం గుర్తులేనని తేల్చారు. వేటాడే జంతువు నోట చిక్కినప్పుడు చచ్చినట్టు పడి ఉండే చివరి ఉపాయం అది. ఆ పని ఎన్నడూ చెయ్యకండి. మనుషుల నిద్రమాత్రలు, దగ్గు మందులు, కుక్కల మత్తుమందులు కూడా ఇవ్వకండి. బాగా బెదిరే కుందేలుకు ప్రయాణం ముందు ఇవ్వగల మందులు ఉన్నాయి. కానీ వాటిని కుందేళ్ల వైద్యం తెలిసిన పశువైద్యుడు దాన్ని చూసి, తూచి, రాసివ్వాలి.

చేరాక

ఊరు చేరగానే బంధువుల పిల్లలంతా మూగుతారు. వాళ్లకు నచ్చజెప్పి, ముందు ఒక నిశ్శబ్దమైన గదిలో పెట్టె దించి, తలుపు తెరిచి, గడ్డి, నీళ్లు, ఇంటి నుంచి తెచ్చిన మరుగు తొట్టి పెట్టి వచ్చెయ్యాలి. కుందేలును పెట్టెలోంచి లాగకూడదు. అది తనంతట తాను బయటికి వస్తుంది. రెండు మూడు గంటల్లో గడ్డి తినడం, మామూలు పరిమాణంలో పెంటికలు వెయ్యడం మొదలుపెడితే ప్రయాణం గట్టెక్కినట్టే. పెంటికలు చిన్నవైపోయినా, ఆగిపోయినా, కుందేలు పళ్లు గట్టిగా కొరుకుతూ ముడుచుకుని కూర్చున్నా తెల్లారేదాకా ఆగవద్దు. బయలుదేరే ముందే ఆ ఊళ్లో కుందేళ్లను చూసే పశువైద్యుడు ఎవరో కనుక్కుని ఫోను నంబరు రాసి పెట్టుకోవాలి.

ఇంత చదివాక, అసలు తీసుకెళ్లడం అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. నా మటుకు నాకు సమాధానం స్పష్టం. రెండు మూడు రోజుల పండక్కి వెళ్తుంటే, రోజూ రెండు పూటలా వచ్చి గడ్డి, నీళ్లు మార్చి, పెంటికలు చూసి వెళ్లే నమ్మకమైన మనిషి దొరికితే కుందేలు తన ఇంట్లో ఉండటమే మేలు. షికార్లకు, ఫొటోలకు, పిల్లల సరదాకు దాన్ని కారెక్కించకండి. ఇల్లు మారడం, వైద్యం లాంటి తప్పనిసరి ప్రయాణాలు మాత్రం ఎప్పుడు వస్తాయో తెలియదు. అందుకే పెట్టెను అటక మీద దాచకుండా ఈ రోజే కిందకి దించి, తలుపు తెరిచి, లోపల గుప్పెడు గడ్డి వేసి ఉంచండి.